వీధి తలుపు చిల్లు

హోసూరులో మా అమ్మ ఉండే ఇంటి వీధి తలుపుకు ఒక చిల్లు ఉండేది. కొలిస్తే ఒకటింబావు అంగుళం, ఇప్పటి లెక్కన 32 మిల్లీమీటర్లు. కొత్త తాళం కోసం దాన్ని 54 మిల్లీమీటర్లకు పెంచాలన్న నిర్ణయాన్ని మేమిద్దరు అన్నదమ్ములం ఫోనులో పది నిమిషాల్లో తీసేసుకున్నాం. ఆ పది నిమిషాలు సరైనవా కావా అని తేల్చుకోవడానికి నాకు ఏడాది పైగా పట్టింది. ఇప్పటికీ పూర్తిగా తేలిందని చెప్పలేను. వడ్రంగం తెలిసినవారికి ఇందులో కొత్త సంగతులు ఉండవు. వేదాంతం తెలిసినవారికి అంతకన్నా ఉండవు. ఎక్కడో ఒక ఊరిలో వయసు మళ్ళిన తల్లినో తండ్రినో ఒంటరిగా వదిలి మరో ఊరిలో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు గనుక, వాళ్ళను ఉద్దేశించి రాస్తున్నాను.

ముందు ఆ చిల్లు చరిత్ర చెప్పాలి. 1974లో మా నాన్న వీధి గదిని మళ్ళీ కట్టించినప్పుడు ఒంటిరెక్క టేకు తలుపు పెట్టించారు. ఒకటిన్నర అంగుళం మందం. అప్పట్లో కొత్తగా వాడుకలోకి వస్తున్న నైట్‌లాచ్ ఒకటి బెంగళూరు చిక్కపేటలో కొని తెచ్చి దానికి బిగించారు. ఆ రకం తాళానికి పెట్టె లోపలివైపు తలుపు మీదనే కూర్చుంటుంది. కొయ్యలోంచి దూరి బయటికి వచ్చేది చెవి పెట్టే గుండ్రని గొట్టం ఒక్కటే. దానికోసం తొలిచిందే ఈ చిల్లు. నాన్న పోయిన తరువాత ఒకనాడు అమ్మ ముంగిట్లో ముగ్గు వేస్తుండగా గాలికి తలుపు దబ్బున మూసుకుని తనంతట తాను తాళం పడిపోయింది. చెవి లోపల, అమ్మ బయట, పొయ్యి మీద పాలు. 'తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని' అన్న సామెత తలకిందులైంది. అది మొదలు అమ్మకు ఆ యంత్రం మీద నమ్మకం పోయింది. విప్పించి అటక మీద పారేయించింది. లోపలినుంచి గడియ, బయటికి వెళ్ళేటప్పుడు గొళ్ళానికి బుర్రతాళం. చిల్లు మాత్రం మిగిలిపోయింది.

మిగిలిపోయిన చిల్లుకు అమ్మ పని కల్పించింది. అది ఆమె నడుముకు కాస్త పైన ఉంటుంది. ఎవరైనా తలుపు తడితే కొంచెం వంగి అందులోంచి చూసేది. పూలమ్మితో బేరం అందులోంచే. పక్కింటి పిల్లలు బడికి పోతూ అందులో నోరు పెట్టి 'అవ్వా' అని అరిచేవారు. రాత్రి పాతచీర ముక్కను ఉండచుట్టి దూర్చేది, పొద్దున తీసేది. ఆ ముక్కను తీయడమంటే ఆ ఇంట్లో తెల్లవారినట్టు.

2022లో ఒక తెల్లవారుజామున అమ్మ బచ్చలిలో కాలుజారి పడింది. కుడి మణికట్టు విరిగింది, లేవలేకపోయింది. రెండు గంటలు అలాగే ఉంది. ఏడింటికి పూలమ్మి వచ్చి పిలిచింది, పలుకు లేదు. ఆ పూట చిల్లుకు గుడ్డ ఇంకా అడ్డంగా ఉంది. అదే ఆమెకు అనుమానం. వేలితో గుడ్డను లోపలికి నెట్టి చెవి పెడితే మూలుగు వినిపించింది. వీధి తలుపు లోపల గడియ వేసి ఉంది. పక్కింటి అబ్బాయి పెరటి గోడెక్కి, పెంకుల మీదుగా దిగి, లోపలినుంచి గడియ తీశాడు.

ఒకే సంఘటన. దానినుంచి మా తమ్ముడూ నేనూ తీసిన సారం: గడియే అపాయం, బయటినుంచి తెరవగలిగే తాళం కావాలి. అమ్మ తీసిన సారం: చిల్లే ప్రాణం నిలబెట్టింది. రెండూ నిజమే. ఒకే లెడ్జరు చూసి ఇద్దరు ఆడిటర్లు రెండు రకాల రిపోర్టులు రాయడం నాకు కొత్త కాదు. కాని ఇక్కడ ఒక ఆడిటరు ఆ ఖాతా సొంతదారే.

తమ్ముడు పూనాలో ఉంటాడు. వాడే తాళం ఎంపిక చేశాడు. పిడికి బదులు అడ్డంగా కమ్మీ లాంటి హ్యాండిల్ ఉండే రకం. విరిగి అతుక్కున్న మణికట్టుతో గుండ్రని పిడిని తిప్పడం కష్టం, కమ్మీనైతే మోచేత్తో నొక్కినా చాలు. ఆలోచన మంచిదే, కాదనను. మూడు చెవులు వచ్చాయి. అమ్మకొకటి, నాకొకటి, పక్కింటివాళ్ళకొకటి అని పంపకం కూడా ఫోనులోనే అయిపోయింది. ఈ రకం తాళానికి యంత్రమంతా కొయ్య లోపలే ఇమడాలి. అందుకే 54 మిల్లీమీటర్ల చిల్లు కావాలి. తలుపు అంచునుంచి చిల్లు నడిమికి 60 మిల్లీమీటర్లు ఉండాలి. అంచులోంచి నాలుక వెళ్ళడానికి అడ్డంగా మరో అంగుళం చిల్లు. పెట్టెమీద ఇదంతా బొమ్మ వేసి ఉంది. 'గంతకు తగ్గ బొంత' అంటాం గాని, బజారులో దొరికే బొంతలన్నీ ఒకే కొలత అయినప్పుడు గంతనే కోసుకోవలసి వస్తుంది.

ఒక శనివారం తాళం పెట్టె తీసుకుని బెంగళూరునుంచి బస్సెక్కాను. ఆచారిని పిలిపించాను. నా లెక్క సులువు. ఉన్న చిల్లు చుట్టూ ఇంకొంచెం కోస్తే సరి, కొత్తగా తొలవడం కన్నా ఇది తక్కువ పని గదా అనుకున్నాను. ఆచారి నవ్వాడు.

"సార్, ఉండే చిల్లును పెద్దది చెయ్యల్లంటే మొదట దాన్ని మూయల్ల."

నేను వేళాకోళమనుకున్నాను. అతను సంచిలోంచి గుండ్రంపం తీసి చూపించాడు. గిన్నె లాంటి ఉక్కు, అంచున రంపపు పళ్ళు, నడిమిలో పెన్సిలంత బరమా ముల్లు. యంత్రం తిరిగేటప్పుడు ముందు ఆ ముల్లు కొయ్యలో దిగి పట్టు దొరికించుకుంటుంది. ఆ పట్టు ఆధారంగానే చుట్టూ పళ్ళు వలయంగా కోస్తాయి. ఉన్న చిల్లు మీద పెడితే ముల్లుకు దొరికేది గాలి. ఆధారం లేని గిన్నె తలుపు ముఖం మీద జారి ఎటంటే అటు గీసుకుపోతుంది. ఆ గీతలు పాలిష్‌తో పోవు. కనుక పాత చిల్లుకు సరిపడా కొయ్యబిళ్ళను తరిగి, బంక పూసి బిగించి, ఆరిన తరువాత కొత్త నడిమిని గుర్తుపెట్టి, అప్పుడు కోయాలి. వేరే ఉపాయాలూ ఉన్నాయట. పెద్ద చిల్లు ముందే తొలిచిన పలకను తలుపుకు బిగించి దాన్ని గిన్నెకు దారిగా వాడుకోవచ్చు. పాత చిల్లంత చిన్న గిన్నెను పెద్ద గిన్నెకు ముందు తగిలించి, చిన్నది పాత చిల్లులో ఆడుతూ పెద్దదాన్ని నడిపేటట్టు చేయవచ్చు. ఏమీ లేకపోతే ఉలి, ఆకురాయి ఉండనే ఉన్నాయి, ఓపిక ఉండాలి. కాని మా తలుపుకు పాత నడిమి అంచునుంచి 52 మిల్లీమీటర్లు, కొత్త నడిమి 60. ఎనిమిది మిల్లీమీటర్లు పక్కకు జరగాలి. నడిమి మారినప్పుడు బిళ్ళ వేయడమే మంచిదన్నాడు. నేను కాగితం మీద వేసి చూశాను. కొత్త వలయం వ్యాసార్ధం 27, పాతదాని వ్యాసార్ధం 16, జరిగేది 8. పాతది కొత్తదానిలో పూర్తిగా మునిగిపోతుంది, మూడు మిల్లీమీటర్లు మిగులుతుంది కూడా. వ్యాసం ఒకటికి ఒకటింముప్పావు కూడా పెరగదు గాని వైశాల్యం దాదాపు మూడింతలవుతుంది. బ్యాంకువాడికి ఇలాంటి లెక్కలు తృప్తినిస్తాయి. లెక్క సరిపోతే న్యాయం కూడా సరిపోయినట్టే అనిపిస్తుంది. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పులు చాలావరకు ఆ తృప్తిలోనే జరిగాయి.

అమ్మ అంతసేపూ గడప మీద కూర్చుని చూస్తోంది. ఆచారి బిళ్ళకు కొయ్య వెతుకుతుంటే అడిగింది.

"ఏమి రా చేస్తా ఉండారు?"

చెప్పాను. చెవుల పంపకం కూడా చెప్పాను.

"నేనేమన్నా మీ బ్యాంకు లాకరునా రా? ఆళ్ళొక చెయ్యి, ఈళ్ళొక చెయ్యి పెట్టుకోని తెరిచేదానికి?"

మా మొరసునాటి తెలుగులో చాలామందికి తాళం బీగమే, చెవి బీగం చెయ్యే. కన్నడంలోనూ అంతే, బీగద కై. ఆంధ్రదేశంలో చెవి అంటారు. మా వీధిలోనే తమిళులు సావి అంటారు. అది పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మాట, హిందీ చాబీకి కూడా అదే మూలం. చెవి అంటే వినేది, చెయ్యి అంటే చేసేది. అమ్మ దృష్టిలో అది చెయ్యే. ఇంకొకరి చెయ్యి తన ఇంట్లోకి రావడం.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అమ్మ పోలిక తప్పు, తప్పయినందువల్లే అది మా తప్పును పట్టిచ్చింది. లాకరును బ్యాంకు ఒంటరిగా తెరవలేదు. బ్యాంకు దగ్గర మాస్టర్ చెవి ఉంటుంది, ఖాతాదారు దగ్గర ఒకటి ఉంటుంది. ముందు మాది తిప్పాలి, తరువాత వారిది తిప్పాలి. వారిది లేనిదే మాది ఉత్త ఇనుపముక్క. ఖాతాదారు చెవి పోగొట్టుకున్నా, ఏళ్ళ తరబడి రాకపోయినా, తాళం పగలగొట్టడానికి పెద్ద తతంగం ఉంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక లాకరు వివాదంలో తీర్పు చెబుతూ రిజర్వు బ్యాంకును నియమాలు చేయమంది. ఆగస్టులో ఆ నియమాలు వచ్చాయి, 2022 జనవరి 1నుంచి అమలయ్యాయి. అద్దె సరిగా కడుతున్నా ఏడేళ్ళపాటు ఎవరూ తెరవని లాకరును బ్యాంకు తెరవాలంటే ఖాతాదారుకు ముందు ఉత్తరం రాయాలి. అది చేరకపోతే పత్రికల్లో ప్రకటించాలి. బ్యాంకు అధికారి ఎదుట, ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట తెరవాలి. వీడియో తీయాలి. ఉన్న వస్తువులకు జాబితా రాయాలి.

1998లో నేను ఒక శాఖలో ఉండగా ఇద్దరు కొడుకులు వచ్చారు. తల్లి పేర లాకరుంది, ఆమె మంచాన ఉంది, బతికే ఉంది. మందులకు డబ్బు కావాలి, నగలు తీయాలి, చెవి ఇదిగో అన్నారు. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నారు. అబద్ధమాడుతున్నారని నాకు అనిపించలేదు. అయినా కుదరదన్నాను. చెవి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆమె అనుమతి కావాలి. ఆమె రాలేకపోతే నేనే ఇంటికి వచ్చి సంతకమో వేలిముద్రో తీసుకుంటానన్నాను. వెళ్ళాను కూడా. ఆమె తల అడ్డంగా ఊపింది. కారణం చెప్పలేదు. కొడుకులు నన్ను తిట్టుకున్నారు. నేను చేసింది సరైన పనేనని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఎవరి తల్లి నగలకో అంత మర్యాద పాటించినవాణ్ణి, సొంత తల్లి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం లేదు, సాక్షి లేడు, ఒక మాట అడగడం కూడా లేదు. ప్రేమ ఉంటే అనుమతి అక్కరలేదనుకున్నాం. కొడుకులం గదా.

ప్రేమకు అనుమతి కావాలా అన్నది పాత ప్రశ్నే. ఇంగ్లండులో జాన్ స్టువర్ట్ మిల్ 1859లో అచ్చయిన స్వేచ్ఛ అన్న గ్రంథంలో దీన్ని చర్చించాడు. ఒక మనిషి మేలు కోసమే అయినా అతన్ని బలవంతపెట్టడం న్యాయం కాదన్నాడు. బి.కాం.లో అర్థశాస్త్రం పుణ్యమా అని మిల్ పేరు నాకు పరిచయం. ఈ పుస్తకం చాలా ఏళ్ళకు గాని చదవలేదు. అందులో ఒక వంతెన ఉదాహరణ ఉంది. కూలడానికి సిద్ధంగా ఉన్న వంతెన మీదికి ఒకడు పోతున్నాడు, హెచ్చరించే వ్యవధి లేదు. చెయ్యి పట్టి లాగవచ్చు, ఎందుకంటే అతను కోరుకున్నది అవతలి గట్టుగాని నీళ్ళలో పడడం కాదు. కాని కీడు ఖాయం కాక, కీడు జరగవచ్చునన్న ప్రమాదం మాత్రమే ఉన్నచోట, సంగతి తెలిసిన పెద్దమనిషిని హెచ్చరించి వదిలేయాలి గాని ఆపకూడదు. మిల్ చిన్నపిల్లల్ని, మతి స్థిమితం లేనివారిని మినహాయించాడు. అమ్మ ఆ రెండు వర్గాల్లోనూ లేదు. గడియ వేసుకుంటే ఏమవుతుందో ఆమెకు మాకన్నా బాగా తెలుసు. రెండు గంటలు బచ్చలి నేల మీద పడి ఉన్నది ఆమె. పూనాలో ఉన్న తమ్ముడు కాదు.

ఇంతవరకు వాదం అమ్మ పక్షాన నిలుస్తుంది. కాని మిల్‌కు అమ్మ లేదు. అంటే, ఆ ఉదాహరణలో వంతెన మీది మనిషి ఎవరికీ ఏమీ కాడు. పడిపోతే అతని దుఃఖం అతనిదే. అమ్మ పడితే ఆ ఫోను నాకు వస్తుంది. రాత్రి పదకొండుకు మోగే ప్రతి ఫోనూ అదే అనుకుని లేస్తాను. నా నిద్ర కూడా ఆ తలుపుతో ముడిపడి ఉంది. ఆమె స్వేచ్ఛకు ధర ఎంతో కొంత నేనూ కడుతున్నాను గనుక నాకూ ఒక మాట ఉండాలి. ఇది స్వార్థమే కావచ్చు. కాని స్వార్థమని ఒప్పుకోవడం మేలు. 'నీ మంచికే' అంటూ నా నిద్ర కోసం తలుపు కోయడంకన్నా, 'అమ్మా, నాకు నిద్ర పట్టడం లేదు' అని చెప్పడం న్యాయం. మేం ఆ మాట చెప్పలేదు. 2007లో వచ్చిన వృద్ధుల సంక్షేమ చట్టం పిల్లలు తల్లిదండ్రులను పోషించాలంది. ఆ చట్టం నెలనెలా పంపే డబ్బును కొలవగలదు. ఈ మాటను ఏ చట్టమూ కొలవలేదు.

ఇక్కడ మరో చిక్కు ఉంది. కొయ్య విషయంలో సవరణ అంటూ ఉండదు. మా లెక్కల పద్ధతిలో తప్పు పద్దును కొట్టివేయకూడదు, చెరపకూడదు. ఎదురు పద్దు రాసి సరిచేయాలి. తప్పూ దిద్దుబాటూ రెండూ పుస్తకంలో కనిపిస్తూనే ఉంటాయి, నిల్వ మాత్రం సరిపోతుంది. ఏ తప్పుకైనా ఎదురు పద్దు ఉంటుందన్న ధైర్యంతోనే మేం కలం పట్టుకుంటాం. తలుపుకు ఎదురు పద్దు లేదు. అన్నంభట్టు 'తర్కసంగ్రహం' చదివినవారికి ఇది వెంటనే అందుతుంది. ఆయన మన తెలుగువాడేనని పండితులు చెబుతారు. ఉన్నవాటితో పాటు లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కపెట్టి, ఏడవదిగా అభావాన్ని చేర్చిన సంప్రదాయం అది. అభావం నాలుగు రకాలు. మనకు కావలసినవి రెండు. కుండ పుట్టక ముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, ముగింపు ఉంది. కుండ పగిలిన తరువాతి లేమి ప్రధ్వంసాభావం. దానికి మొదలు ఉంది, ముగింపు లేదు. కుమ్మరి మరో కుండ చేయగలడు గాని పగిలిన ఆ కుండ లేమి అలాగే ఉంటుంది. 1974లో తొలిచిన కొయ్య లేమి నేటికీ ఉంది. ఆచారి వేసే బిళ్ళ దాన్ని కప్పుతుందే గాని ముగించదు. దగ్గరగా చూస్తే బిళ్ళ రేఖలు తలుపు రేఖలతో కలవవు.

అయితే నాన్న తొలిపించినప్పుడు అమ్మను అడిగారా? ఈ ప్రశ్న నాకు రాత్రి తట్టింది. అడిగి ఉండరు. 1974లో మా ఇళ్ళల్లో అలాంటివి అడిగేవారు కాదు. అడగకుండా చేసిన చిల్లునే ఆమె తరువాత తన కన్నుగా, తన నోరుగా చేసుకుంది. మనం అడగకుండా చేసే ఈ పెద్ద చిల్లును కూడా అలాగే తనది చేసుకుంటుందిలే అన్న వాదం ఒకటి మనసులో తల ఎత్తింది. ప్రమాదకరమైన వాదం ఇది. బాధితుల సర్దుబాటును చూపించి మొదటి తప్పును ఒప్పనడం లోకంలో చాలా పెద్ద ఎత్తునే జరుగుతుంది. 1956లో గీతలు గీసినప్పుడు మన తాతలను అడిగారా, ఏదోలా సర్దుకుపోయారుగదా అనేవాళ్ళను నేను సభల్లో విన్నాను. సర్దుకుపోయాం, నిజమే. సర్దుకుపోవడం సమ్మతి కాదు.

ఆ శనివారం ఆచారి బిళ్ళ ఒక్కటే వేశాడు. పాత కిటికీ చట్టంలో మిగిలిన టేకు ముక్కను గుండ్రంగా తరిగి, ఫెవికాల్ పూసి, చేతిసుత్తితో రెండు దెబ్బలు వేశాడు. బంక గట్టిపడాలి, రేపు వస్తానని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఉన్నది చిల్లూ లేని, కొత్త తాళమూ లేని తలుపు. అమ్మ పాతచీర ముక్కను చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, ఏం చేయాలో తోచనట్టు దాన్ని మడిచి గూట్లో పెట్టింది. నేను ఆ క్షణంలో ఒక సంగతి గమనించాను. మేం పెద్దది చేయబోతున్న చిల్లు అసలు చిల్లుగా ఉండదు. మూడింతల వైశాల్యం కోస్తాం, అందులో ఇనుము నింపుతాం. గాలి రాదు, వెలుగు రాదు, పిల్లల కేక రాదు. తలుపులో కొయ్య తగ్గుతుంది, తలుపు మరింత మూసుకుంటుంది. కొత్త తాళం ముందే ఉండి ఉంటే ఆనాడు పూలమ్మికి మూలుగు వినిపించేదా? ఆమె దగ్గర చెవి ఉండదు గదా.

పొద్దున కాఫీ తాగుతూ అమ్మను అడిగాను. రెండు రోజులు ఆలస్యంగా, చిల్లు పూడ్చిన తరువాత. అయినా ఆచారి నేర్పిన పాఠం ప్రకారం అది సరైన క్రమమేనేమో. నా నిద్ర సంగతి చెప్పాను. మా నిర్ణయం తప్పన్నాను. వద్దంటే ఆచారి వచ్చి బిళ్ళను నున్నగా చిత్రిక పట్టి వెళ్ళిపోతాడు, లేదా మళ్ళీ పాత చిల్లంతే తొలుస్తాడు అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"గడియ తీసేస్తారా?" అంది చివరికి.

అసలు ప్రశ్న అదే. కొత్త తాళం ఎంత ఖరీదైనదైనా లోపల గడియ పడితే బయటి చెవి దండగ. మా పథకం నెరవేరాలంటే గడియను పీకేయాలి. తమ్ముడు ఫోనులో ఆ మాటే అన్నాడు, గడియ ఉంచితే ఇదంతా ఎందుకని. నేను అమ్మతో గడియ ఉంటుందన్నాను.

"అట్లయితే పెట్టు. చేతులు మూడూ నాకియ్యి. ఎవురికియ్యల్లో నేనిస్తా. ఇంగ నాకు కండ్లు యాడ పెట్టుకోవల్లో అది చెప్పు."

ఆచారి వచ్చాడు. అంచునుంచి 60 కొలిచి ములికితో గుర్తు పెట్టాడు. ముల్లు బిళ్ళలో దిగి పట్టు దొరికించుకుంది. సగం మందం వరకు ఇటునుంచి కోసి, ముల్లు అటువైపు పొడవగానే ఆపి, అవతలికి వెళ్ళి ఆ రంధ్రంలోనే ముల్లు పెట్టి మిగతాది కోశాడు. పెచ్చు లేవకుండా ఉండడానికట. గిన్నెలోంచి ఊడివచ్చిన గుండ్రని కొయ్యలో పాత బిళ్ళ ఒక పక్కకు ఒరిగి, గ్రహణం పట్టిన చంద్రుడిలా కనిపించింది. అమ్మ దాన్ని అడిగి తీసుకుంది. తరువాత ఆచారి ఆమెను తలుపుకు ఎదురుగా నిటారుగా నిలబడమన్నాడు. కనుపాప ఎదురుగా పెన్సిలుతో చుక్క పెట్టాడు. నేలనుంచి నాలుగడుగుల ఆరంగుళాలు. మామూలుగా అద్దపు కన్నును అయిదడుగుల ఎత్తున పెడతారట. ఆ ఎత్తున ఎవరికి పెడతారో మరి. 14 మిల్లీమీటర్ల చిన్న చిల్లు తొలిచి దాన్ని బిగించాడు. ఇన్నేళ్ళకు మొదటిసారి అమ్మ వంగకుండా వీధి చూసింది. పూలమ్మి తల పెద్దగా, కాళ్ళు చిన్నగా కనబడుతోందని నవ్వింది. పిల్లలు మాత్రం కొన్ని రోజులు హ్యాండిల్ దగ్గర నోరు పెట్టి అరిచి, మానేశారు.

ఒక చెవి పక్కింటికి అదే వారం ఇచ్చింది. నాకు నాలుగు నెలల తరువాత ఇచ్చింది, కొంగుముడి విప్పి, ఊరగాయ సీసాతో పాటు. తమ్ముడికి ఇవ్వలేదు. వాడు అడగలేదు కూడా.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. ఇప్పుడు ఆ తలుపుకు నిజంగానే లాకరు పద్ధతి వచ్చింది. నా దగ్గర ఉన్నది మాస్టర్ చెవి. అమ్మది గడియ. రాత్రి ఆమె గడియ వేయకుండా పడుకుంటేనే నా చెవి పనిచేస్తుంది. అంటే ఆమె సమ్మతి ఒకసారి సంతకం పెట్టి ఇచ్చేసినది కాదు, ప్రతి రాత్రీ కొత్తగా ఇవ్వవలసినది. ఇష్టం లేని రాత్రి వెనక్కి తీసుకోవచ్చు. తమ్ముడికి ఇది అసమర్థపు ఏర్పాటుగా తోస్తుంది. అపాయం వచ్చిన రాత్రే గడియ పడి ఉంటే ఏమిటంటాడు. వాడి ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఉన్నట్టు నటించను. ఆ రాత్రి వస్తే మళ్ళీ ఎవరో పెంకుల మీదుగా దిగాలి. దిగేలోపు ఆలస్యమైతే, ఆ ఆలస్యంలో నా వాటా నేను మోయాలి.

గడియ వేస్తోందా లేదా అని నేను ఫోనులో అడగను. అడిగితే వేయడం లేదనే అంటుంది, నా నిద్ర కోసం. పక్కింటివాళ్ళ చేత చూపించవచ్చు. ఒక రాత్రి వాళ్ళ చెవితో మెల్లగా తిప్పి చూడమంటే చాలు, తెలిసిపోతుంది. ఈ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం.

పోయిన నెల తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరి అయిదున్నరకల్లా ఇంటి ముందున్నాను. వీధిలో ఇంకా ముగ్గులు పడలేదు. చెవి జేబులో చేతికి తగులుతూనే ఉంది. తాళం కన్ను దగ్గరిదాకా తీసుకెళ్ళాను కూడా. చీకట్లో ఇత్తడి చల్లగా ఉంది. తిప్పితే ఒక్క క్షణంలో అంతా తెలుస్తుంది. చెవిని జేబులో వేసుకుని తలుపు తట్టాను.

అడుగుల చప్పుడు నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. అద్దపు కన్నులో వెలుగు చుక్క ఒక్కసారి నల్లబడింది. ఆమె నన్ను చూస్తోంది.

"ఎవురూ?" అంది.